నీళ్లలోంచి లేచిన తర్వాత

ఏడాదికి పైగా క్లౌ దొర ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగేవాళ్లు లేక కాదు, వాళ్లు వేలల్లో ఉన్నారు. 1876లో వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏడాదికి ఒంగోలు, నెల్లూరు పల్లెల్లో గాదెలు అడుగంటాయి. అలాంటి రోజుల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ చేతిలో పని ఉంది, కూలి ఉంది, పంచడానికి కరువు నిధి ఉంది. అటువంటి మనిషి బాప్తిస్మం ఇస్తే ఎవరు నమ్మకం కొద్దీ మునిగారో, ఎవరు ఆకలి కొద్దీ మునిగారో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. అందుకే తలుపు మూసేశారు.

ఆయన చేతిలో ఉన్న పని బకింగ్‌హాం కాలువ. మద్రాసు నుంచి కోస్తా వెంబడి ఉత్తరానికి తవ్వుతున్న ఆ కాలువను కరువు రోజుల్లో ప్రభుత్వం కూలి పనిగా మార్చింది. క్లౌ పడుచుతనంలో అమెరికాలోని మిన్నెసోటాలో సర్వే పని చేసినవారు. గొలుసు, కొలత ఆయనకు కొత్త కాదు. మూడున్నర మైళ్ల కాలువను కాంట్రాక్టుకు తీసుకుని, తన బోధకులనే పనిమీద పెద్దలుగా పెట్టారు. వేలమంది తవ్వారు. ఎక్కువమంది మాదిగలు, కూలి పనికి పోతే పైవాళ్ల అరుపులూ దెబ్బలూ తప్ప ఎరగనివాళ్లు. ఇక్కడ అజమాయిషీ చేసేది తమ పల్లెల్లో పుట్టిన మనుషులే. మధ్యాహ్నం పలుగూ పారా పక్కన పెట్టినప్పుడు వాళ్లే వచ్చి పక్కన కూచుని యేసు కథ చెబుతున్నారు. కూలి జనం ఆ కథను మూట కట్టుకుని ఎవరి ఊరికి వాళ్లు మోసుకుపోయారు.

1878లో కరువు సడలింది. సాయం పంచడం ఆగిపోయాకే క్లౌ బోధకులను పిలిపించి, అడిగేవాళ్లను రమ్మనమన్నారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో జనం దిగారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది ఏటిలో మునిగి లేచారు. ఆ మధ్య రోజు ఆరుగురు అభిషిక్త బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుని, పొద్దున కొంతసేపు, ఎండ తగ్గాక కొంతసేపు నీళ్లలో నిలబడ్డారు. క్లౌ ఆ రోజు ఒక్కరికీ స్వయంగా బాప్తిస్మం ఇవ్వలేదు. ఏడాది ముగిసేసరికి ఒంగోలు సంఘంలో ఆ ఒక్క సంవత్సరం చేరినవారు తొమ్మిది వేలు దాటారు.

అమెరికా చర్చి పత్రికలకు 2,222 అనే అంకె ఎంత నచ్చిందో చెప్పనక్కర్లేదు. పెంతెకొస్తు నాటి మూడు వేలతో పోల్చి మురిసిపోయారు. ఆ అంకెను చూసి నొసలు ముడిచినవాళ్లూ ఉన్నారు: అక్షరం రాని జనం, అందులోనూ కరువు నుంచి ఇప్పుడిప్పుడే బయటపడినవాళ్లు, వీళ్లకు ఏం అర్థమైందని ముంచారు? అనుమానం న్యాయమైనదే. అయితే మెచ్చినవాళ్లూ గొణిగినవాళ్లూ అందరూ ఏటి ఒడ్డునే ఆగిపోయారు. నీళ్లలోంచి లేచినవాళ్లు తడిబట్టలతో ఏ ఊరికి పోయారు, అక్కడ వాళ్ల బతుకు ఎలా మారింది, ఎవరు మార్చారు అన్నది ఎవరికీ పట్టలేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

బాప్తిస్మం ముందా, ఎదుగుదల ముందా అన్న తగవు క్రైస్తవం అంత పాతది. అపొస్తలుల కార్యాల్లో ఫిలిప్పీ చెరసాల అధికారి ఆ రాత్రికి రాత్రే ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందాడు. మరో రెండు శతాబ్దాలు గడిచేసరికి, హిప్పొలిటస్ పేరిట చెలామణీ అయ్యే సంఘ క్రమం మూడేళ్ల ఉపదేశం అవసరమంది, శ్రద్ధ ఉంటే గడువు తగ్గించవచ్చని కూడా అంది. నాలుగో శతాబ్దంలో మరీ సాగదీశారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో చావు మంచం మీద గాని బాప్తిస్మం తీసుకోలేదు. క్రైస్తవ కుటుంబాల్లో పుట్టిన పసిబిడ్డలకు నీళ్లు చిలకరించడం వాడుకయ్యాక ఆ సుదీర్ఘ ఉపదేశ కాలం యూరప్‌లో దాదాపు మరుగున పడింది. పంతొమ్మిదో శతాబ్దపు మిషనరీ మళ్లీ మొదటి శతాబ్దపు చిక్కులోనే పడ్డాడు.

ఒంగోలులో ఆ చిక్కుకు దారి చూపింది ఒక తోళ్ల వ్యాపారి. యర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు పడమటి పల్లె మనిషి, మాదిగ. క్రైస్తవుడు కాకముందే ఆయన సాధకుడు. బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు నేర్పిన రాజయోగం అభ్యసించి, తానూ కొందరికి గురువై కూర్చున్నాడు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ మాదిగ గురువుల లోకం విస్తారంగా ఉంది. పోతులూరి వీరబ్రహ్మం పేరూ అందులో వినిపిస్తుంది. వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతున్నప్పుడు పేరయ్య చెవిన క్రైస్తవ బోధ పడింది. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఆ తొలి నాళ్లలోనే ఒక పరీక్ష ఎదురైంది. పై కులాల వాళ్లు క్లౌ దగ్గరకు రావడం మొదలుపెట్టారు, పిల్లల్ని బడికి పంపారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని మాత్రం తేల్చి చెప్పేశారు. క్లౌ ఒక గదిలో, మొదటి భార్య హ్యారియెట్ ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే చోటు తగిలిందట, దేవుడు లోకంలో ఎన్నికలేని వారిని ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే చోటు. ఈ ముచ్చటను మిషన్ వాళ్లు ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. ఏదైతేనేం, పై కులాల వాళ్లు వెళ్లిపోయారు, మాదిగలు మిగిలారు.

పేరయ్య వెంట వచ్చిన పాత శిష్యులు ఆయన్ను గురువుగానే చూశారు. ఈ బంధాన్ని తెంపకుండా వాడుకోవడం క్లౌ తెలివి. ఒక్కో బోధకుడికి ఇన్ని ఊళ్లని పంచి ఇచ్చారు. బోధకుడు ఆ ఊళ్లు కాలినడకన తిరుగుతాడు, శిష్యుల ఇంటనే తింటాడు, అరుగుమీదే పడుకుంటాడు. బాప్తిస్మం అడిగిన ప్రతి మనిషికీ అతనే పూచీ. వెల్లంపల్లిలో జరిగిందీ ఇదే. వచ్చినవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి, ఊరి పేరు అడిగి, ఆ ఊరి బోధకుడిని పిలిచి, ఈ మనిషి సంగతి నీకు తెలుసా అని విచారించారు. తెలియదంటే ఆపేశారు. మూడు నెలలకొకసారి బోధకులు, వాళ్ల భార్యలు ఒంగోలు వచ్చి ఊరూరి సంగతులు చెప్పుకునేవారు. సభకు సభ, బడికి బడి. చదువు నిలకడగా సాగించగలిగినవారి కోసం సముద్రం ఒడ్డున రామాయపట్నంలో 1870లలో బోధకుల సెమినరీ పనిచేయడం మొదలైంది.

ఇంతకూ ఎదుగుదలకు గుర్తేమిటి? క్లౌ దీన్ని వేదాంతంతో కొలవలేదు. కొత్తగా చేరినవారికి మూడే కట్టుబాట్లు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

కాగితం మీద ఇవి చిన్న మాటలే. మాదిగపల్లెలో పెట్టి చూస్తే అర్థమవుతుంది. ఊళ్లో గొడ్డు చస్తే దాన్ని లాక్కుపోవాల్సింది మాదిగే. తోలు ఒలిచి, ఊనిన తోలుతో రైతుకు చెప్పులు కుట్టాలి, బావిలోంచి నీళ్లు తోడే తోలు తొండాలు కట్టివ్వాలి. దానికి ప్రతిఫలంగా కళ్లంలో కొలిచే గింజలు, చచ్చిన గొడ్డు మాంసం. ఊరి దేవత కొలుపు జరిగితే డప్పు కొట్టాల్సిందీ అతనే. మాంసం ముట్టనంటే సగం కూలి వదులుకున్నట్టే. మొక్కనంటే కొలుపులో డప్పు మోగదు. ఆదివారం పనికి రానంటే, నాట్లో కోతలో ముమ్మరంగా ఉన్నప్పుడు రైతు ఊరుకోడు. రెడ్లకూ కరణాలకూ కోపం వచ్చింది. కొట్టారు, తప్పుడు కేసులు బనాయించారు, బావుల దగ్గరకు రానివ్వలేదు, పనులు మాన్పించారు. ఈ మూడు కట్టుబాట్లూ పైకి మతనియమాలు, లోపల మాత్రం తరతరాల వెట్టి చాకిరీకి అడ్డం తిరగడం. ఏటిలో మునగడం ఒక్క నిమిషం పని. ఊళ్లోకి పోయి మొదటి ఆదివారం పనికి పోకుండా ఇంట్లో కూర్చోవడానికి కావలసిన గుండె ధైర్యం వేరు. అందరూ నిలబడలేదు. కొందరు డప్పు పట్టారు, కొందరు మళ్లీ గుడ్డిగా పాత దారినే పోయారు. నిలబడ్డవాళ్లే సంఘానికి పెద్దలయ్యారు.

అక్షరం రాని మనిషికి బోధ ఎలా ఎక్కించాలన్నది ఇంకో సమస్య. అందుకు మందు పాటలోనే దొరికింది. గంజాం వైపు పుట్టి 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి (1803-1890) తెలుగు నేర్చి, రాగతాళాలతో కీర్తనలు కట్టారు. త్యాగరాజు కీర్తనలకూ భజన పాటలకూ అలవాటు పడిన చెవికి అవి పరాయివి కాలేదు. ఆ దారిలో ఇంకెందరో రాశారు, అవన్నీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చేరాయి. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో బైబిలు లేనివి ఒకప్పుడు చాలానే ఉండేవి. కీర్తన రాని ఇల్లు మాత్రం అరుదు. పాపం, రక్షణ, కృప అనే పెద్ద పెద్ద మాటలు పొలం గట్టున కలుపు తీసే అమ్మల నోట తాళం మీద ఆడాయంటే ఆ గొప్ప ఉపదేశులది కాదు, వరసలు కట్టినవాళ్లది.

ఒంగోలుకు చాలా దూరంలో, నిజాం రాజ్యంలోని ఒక రైల్వే జంక్షన్‌లో ఈ కథ రెండో అంకం నడిచింది. డోర్నకల్‌కు 1909లో వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తెలుగువారు కాదు. తిరునల్వేలి జిల్లాలో 1874లో పుట్టిన తమిళుడు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు, మొదట్లో గుడారంలో కాపురమున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. తెల్లవారి కింద నల్లవారు పనిచేయడమే చూసిన చాలామంది మిషనరీలకు అది మింగుడు పడలేదు.

అజరయ్య మేత్రాసనంలో, అంటే ఆయన బిషప్‌గా ఏలిన ప్రాంతంలో, బాప్తిస్మానికి ముందే బడి ఎక్కువ. ఊరు కలసి అడిగితే ముందు ఒక పంతుల్ని పంపేవారు. పంతులూ భార్యా అదే పల్లెలో గుడిసె వేసుకుని ఉండాలి. పగలంతా పొలంలో ఉన్న జనం చీకటి పడ్డాక అన్నాలు తిని వచ్చి దీపం చుట్టూ కూర్చునేవారు. పంతులు చెప్పేవాడు, వాళ్లు అనేవాళ్లు. పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, యేసు చెప్పిన ఉపమానాలు, చేసిన అద్భుతాలు, అన్నీ నోటికే. నాలుగు రాత్రులు వచ్చి అయిదో రాత్రి కల్లు దుకాణానికి పోయినవాడిని మరునాడు వెతికి తేవడమూ పంతులు ఉద్యోగంలో భాగమే. ఏడాదో, అంతకు మించో ఇలా గడిచాక గాని అభిషేకం పొందిన సంఘ గురువుగారు వచ్చి బాప్తిస్మం ఇచ్చేవారు కాదు. గురువులకు చదువు చెప్పేటప్పుడు వాళ్ల భార్యలకూ డోర్నకల్‌లో పాఠాలు నడిచేవి. అజరయ్య పట్టుబట్టి పెట్టిన ఏర్పాటు అది. పల్లెలో ఆడవాళ్లకు చెప్పేది ఆ అమ్మలే గనుక, వాళ్లకు రాకపోతే పల్లెకే రాదు.

బాప్తిస్మం తర్వాత కన్ఫర్మేషన్, బిషప్ తలమీద చేయి ఉంచి విశ్వాసంలో స్థిరపరచే కార్యం. బిషప్ ఎడ్లబండి మీదో, కాలినడకనో వస్తే ఊరంతా డప్పులతో ఎదురేగేది. బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల తలమీద వాళ్లే చేయి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు భావాన్ని ఒట్టులా పలికించేవారు అజరయ్య. అంటే క్రైస్తవుడిగా ఎదగడానికి ముందు మెట్టు వినడం, తర్వాతి మెట్టు ఇంకొకరికి చెప్పడం. 1930లలో ఏటా ఒక సాక్ష్య వారం పెట్టి, చదువు రాని కూలీలను కూడా పక్క పల్లెలకు పంపారు. ఏం చెప్పాలో తెలియకపోతే పాట పాడి రమ్మన్నారు. ఉపన్యాసాల్లో ఆయన తిట్టిపోసే నాలుగు దయ్యాలు మురికి, రోగం, అప్పు, తాగుడు. ఆత్మ సంబంధమైన ఎదుగుదలను వాకిలి ఊడవడంతో, వడ్డీ కట్టడంతో ముడిపెట్టిన బిషప్‌ను ఇంగ్లండులో భక్తి పుస్తకాలు చదివే పెద్దలు ఎలా చూశారో గాని, పల్లెకు ఆయన భాష తెలిసింది.

ఇచ్చే గుణం మీదా ఆయనకు పట్టుదల ఎక్కువ. క్రైస్తవ దానం గురించి ఒక పుస్తకమే రాశారు. రెండు పూటలా గంజి దొరకడమే గగనమైన ఇంట్లో కానుక ఎక్కణ్నుంచి వస్తుంది? పిడికెడు బియ్యం నుంచి. పొయ్యిమీద ఎసరు పెట్టి, వంటకు బియ్యం కొలిచాక, ఇల్లాలు అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. పల్లెలో వేరే ఎవరూ చూడని దానం అది, మగవాడి జేబుతో పనిలేనిది. పంతుళ్ల జీతంలో కొంత ఆ కుండల్లోంచే నడిచింది. విదేశీ సొమ్ముతో సంఘం నడుస్తోందని ఎత్తిపొడిచేవాళ్లకు అదొక జవాబు కూడా. డోర్నకల్‌లో ఎపిఫనీ కెథీడ్రల్ డబ్బు కూడినప్పుడల్లా కొంత కొంత లేచి, 1939 జనవరి 6న గాని ప్రతిష్ఠకు సిద్ధం కాలేదు. గుళ్ల మంటపాల్లోని స్తంభాల పోలిక, మసీదుల గుమ్మటాల పోలిక రెండూ ఉన్న కట్టడం అది.

ఇదంతా నడుస్తున్న రోజుల్లోనే గాంధీ గొంతు విప్పారు. 1936లో అమెరికన్ మిషన్ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, హరిజనులకు మతాల మధ్య తేడా తెలుసుకునే శక్తి లేదనీ, వాళ్లకు సువార్త చెప్పడం ఆవుకు చెప్పినట్టే కదా అనీ ఆయన అన్న మాట పెద్ద దుమారం లేపింది. మతమార్పిడిలో మోసం ఉందన్న ఆయన ఆందోళన నిజమైనదే కావచ్చు. ఆ పోలిక మాత్రం, ఎవరు వేసినా, పల్లెలో రెడ్డి అరుగు మీంచి వినిపించే మాటే. కొలుపులో డప్పు కొట్టనని బావినీళ్లు పోగొట్టుకున్న మాదిగకు తేడా తెలియదనడం ఎలా?

గాంధీ అడిగిన ప్రశ్నకు మూడేళ్ల ముందే ఒక జవాబు అచ్చయి ఉంది. మెథడిస్టు మిషనరీ జె. వాస్కమ్ పికెట్ దేశంలో సామూహికంగా క్రైస్తవం పుచ్చుకున్న ప్రాంతాలు ఎంచుకుని, తెలుగు నేలను కూడా కలిపి, ఇల్లిల్లూ తిరిగించి సర్వే చేశారు. ఆ ఫలితం 1933లో పుస్తకంగా వచ్చింది. ఏ కారణంతో చేరారన్నది ఆయన ఊహించినంత పెద్ద విషయం కాలేదు. ముక్తి కోసమని చెప్పినవాళ్లూ, మా బంధువులు చేరారు గనుక చేరామన్నవాళ్లూ, కష్టంలో అండ కోసమన్నవాళ్లూ కొన్నేళ్ల తర్వాత చూస్తే మరీ దూరంగా లేరు. తేడా ఎక్కడొచ్చిందంటే, చేరాక బోధ అందిందా లేదా, ఊళ్లో క్రమంగా ఆరాధన జరిగిందా లేదా అన్న దగ్గర. పంతులు నిలిచిన ఊరు ఎదిగింది, పంతులు పోయిన ఊరు కునికింది. అదే దశాబ్దంలో డోర్నకల్ మేత్రాసనంలో పై కులాల శూద్రులు కూడా సంఘంలోకి రాసాగారు. మా పాలేళ్లు మారడం కళ్లారా చూశామన్నదే వాళ్లు చెప్పిన కారణమని అజరయ్య తరచూ రాసేవారు. 1941 నాటికి ఆ మేత్రాసనంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

ఎదగని చోటు కూడా ఒకటుంది. దాన్ని దాటేసి పోతే ఈ చరిత్ర అబద్ధమవుతుంది. మాల సంఘం, మాదిగ సంఘం చాలా ఊళ్లలో వేరువేరుగానే ఉండిపోయాయి. ఒక మిషన్‌లో వాళ్లెక్కువ, ఇంకో మిషన్‌లో వీళ్లెక్కువ. పెళ్లి సంబంధాలు కలవలేదు. పై కులాల వాళ్లు వచ్చాక కూర్చునే చోటు గురించీ, ప్రభువు బల్లలో అందరూ తాగే ఒకే గిన్నె గురించీ తంటాలు వచ్చాయి. కల్లు మానినంత సులువుగా కులం మానలేకపోయారు. బోధకులూ పెద్దలూ అందరికీ తెలిసిన రహస్యమే అది.

రెండో తరం వచ్చేసరికి ప్రశ్న రూపు మారింది. వెల్లంపల్లిలో మునిగిన మనిషి మనవడు మొక్కులు మానాల్సిన పనిలేదు, ఎందుకంటే అతను ఎన్నడూ మొక్కలేదు. కీర్తనలు పుట్టుకతోనే వచ్చాయి. అతను ఎదిగినట్టు ఎలా తెలుస్తుంది? ఒంగోలు బాప్టిస్టులు పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వరు. పెరిగి, తనంతట తాను అడిగి, సంఘం ముందు సాక్ష్యం చెబితేనే నీళ్లలోకి. డోర్నకల్ వైపు చంటిబిడ్డకే ఇస్తారు, ఊహ వచ్చాక పాఠాలు చెప్పి కన్ఫర్మేషన్ చేస్తారు. 1919లో తరంగంబాడిలో అజరయ్య ముందుండి కదిపిన సంఘాల ఐక్యత మాట, ఆయన 1945లో చనిపోయిన రెండేళ్లకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా రూపు కట్టింది. డోర్నకల్ అందులో చేరింది. ఒంగోలు బాప్టిస్టులూ గుంటూరు లూథరన్లూ చేరలేదు. అందువల్ల ఒకే జిల్లాలో ఒక వీధిలో పదమూడేళ్ల పిల్ల కన్ఫర్మేషన్‌కు పది ఆజ్ఞలు వల్లె వేస్తుంటే, పక్క వీధిలో అదే ఈడు పిల్ల ఇంకా బాప్తిస్మం అడగనే లేదు.

కోత పండుగ మాత్రం రెండు వీధులకూ ఉమ్మడి. పంట ఇంటికొచ్చాక మొదటి గింజలు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, చెరకు గడలు గుడికి తెస్తారు, ఆరాధన కాగానే వేలం వేస్తారు. పది రూపాయల గుమ్మడికాయ వంద దాకా పోతుంది. పాడుకున్నవాడు దాన్ని ఇంటికి తీసుకుపోడు, మళ్లీ గుడికే ఇచ్చేస్తాడు. సంఘపెద్ద కాయ ఎత్తి చూపించి, పాట మళ్లీ మొదలుపెడతాడు.